ఇరవై మీటర్ల గురి

మునెయ్య పొలంలో మోటారు రూము గోడకున్న గుంతను చూడగానే ఏబెల్ సంచి కింద పెట్టాడు. అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాడు. చిటికెన వేలు దూరేంత గుంత అది. సున్నం పెచ్చు లేచి లోపలి ఇటుక ఎర్రగా కనబడుతోంది. మూడు వారాల కిందట తను పేల్చిన మత్తు సూది తగిలింది అక్కడే. ఎలుగుబంటికి తగలాల్సిన సూది.

కాసేపటికి లేచి సంచిలోంచి టేపు తీశాడు. నేల నుంచి గుంత దాకా కొలిస్తే మూడడుగుల పైచిలుకు వచ్చింది. ఆ రోజు ఎలుగు గోడను ఆనుకున్నట్టే నిలబడింది. తను గురి పెట్టింది దాని భుజం కండకు, నేల నుంచి రెండడుగుల ఎత్తుకు. గోడ మీంచి దిగిన కరెంటు పైపు సరిగ్గా ఆ భుజం వెనకే ఉండటం అతనికి బాగా గుర్తు. ఇప్పుడు గుంత చూస్తే ఆ పైపును ఒరుసుకునే ఉంది. పక్కకు వేలెడు కూడా తొలగలేదు. తేడా అంతా పైకే, నిలువునా అడుగు.

చెయ్యి వణికితే సూది ఏ పక్కకో పోవాలి. ఇంత తిన్నగా పైకి పోదు.

ఈ మూడు వారాలూ ఏబెల్ తన చేతిని తానే నమ్మడం మానేశాడు. అన్నం కలుపుకుంటూ వేళ్ళ వంక చూసుకునేవాడు. నలభై ఆరేళ్ళొచ్చాయి, కిందటేడు కళ్ళద్దాలు పడ్డాయి, ఇక తన పని అయిపోయిందని భార్య గ్రేసీతో అన్నాడు కూడా. ఆదివారం గుడిలో ప్రార్థన ముగిశాక ఆమె, ఆ పొలానికే పోయి ఒకసారి చూసి రమ్మంది. అందుకే వచ్చాడు.

ఏబెల్‌ది పుత్తూరు దగ్గరి పల్లె. తల్లీతండ్రీ మామిడితోటల్లో కూలి చేసేవాళ్ళు. పదో తరగతి అయ్యాక నగరిలో మరమగ్గాల మీద ఆరేళ్ళు పనిచేశాడు. ఆ చప్పుడుకు చెవులు పాడవుతాయని వాళ్ళ నాయన పోరు పెడితే, తిరుపతి పక్కన అడవి అంచునున్న జంతువుల చికిత్సా కేంద్రంలో దినకూలీగా చేరాడు. మొదట దుప్పులకు మేత వేసేవాడు. తర్వాత బోన్లు కడిగాడు. కాలు విరిగిన కొండముచ్చును ఒళ్ళో పెట్టుకుని కదలకుండా పట్టుకోవలసి వస్తే అందరూ అతన్నే పిలిచేవాళ్ళు. ఆ నిదానం చూసే అప్పటి డాక్టరు మత్తు తుపాకి అతని చేతికిచ్చాడు. మందు పాళ్ళు చూసుకోవడం డాక్టరు పని, సూదిని జంతువుకు తగిలించడం ఏబెల్ పని. పదేళ్ళు ఏ తప్పూ జరగలేదు. ఎనిమిది నెలల కిందట పాత తుపాకి పక్కన పెట్టి, పైన దుర్భిణి ఉన్న కొత్తది ఇచ్చారు.

కొత్తది వచ్చాక నాలుగు సార్లు పేల్చాడు. మొదట ఒక కణితి దుప్పికి తొడలో తగలాల్సింది నడుం మీద తగిలింది. ఇంకో దుప్పికి వెన్నుపూస పక్కన గుచ్చుకుంది. రెండూ బతికాయి గనక ఎవరూ పట్టించుకోలేదు. మూడోది మాత్రం బోను కమ్మీల పక్కనుంచే కొట్టింది, గురిలోనే పడింది. నాలుగోది ఈ ఎలుగు. శనక్కాయ చేనుకొచ్చి, తెల్లారాక అడవికి పోలేక మోటారు రూము పక్కన నక్కింది. సూది గోడకు తగిలి టప్పుమనగానే అది బెదిరి జనం మీదికి దూకింది. జనం చెదిరిపోయారు, అది కొండెక్కిపోయింది, చేనుగల మునెయ్య చెయ్యి విరిగింది. పేపర్లో రెండు లైన్లు వేశారు. కేంద్రంలో ఏబెల్‌ను ఒక్క మాట అన్నవాళ్ళు లేరు. అననందుకే అతనికి ఎక్కువ బాధయ్యింది.

టేపు పట్టుకుని తను ఆ రోజు నిలబడిన చోటుకు కొలుచుకుంటూ పోతుంటే వెనక నుంచి మాట వినబడింది.

“ఏమప్పా, నా సేను కొలస్తా ఉండావా?”

మునెయ్య. మోచేతి నుంచి మణికట్టు దాకా పుత్తూరు కట్టు, మెడకు తువ్వాలు ఉట్టిలాగా కట్టుకుని చెయ్యి దాంట్లో పెట్టుకున్నాడు. ఏబెల్ టేపు కింద పడేసి దండం పెట్టాడు. మునెయ్యే దగ్గరికొచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

“రెండుసార్లు కట్టు మార్చినారు. ఎముక కూడుకుంటా ఉండాదంట. పదిహేను దినాల్లో తీసేస్తారు. నువ్వేంటికి అట్ల నిలబడుకోనుండావు, కూసో.”

“నా వల్లనే కదన్నా నీకీ కష్టం. ఆ సూది సరిగ్గా తగిలింటే అది నీ మీదికి వచ్చేది కాదు.”

మునెయ్య చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “నీకు సెప్తా, ఊళ్ళో అనొద్దు. ఎలుగు నా దిక్కే రాలా. అది అట్ల దూకింది, నేను ఇట్ల పరిగెత్తితి. ఈ గట్టు మీంచి జారి నేనే పడితి. అందురూ ఎలుగు తోసింది తోసింది అంటా ఉంటే నేనూ కాదనలా. గట్టు మీంచి పడినానంటే ఏం బాగుంటాది సెప్పు.”

ఏబెల్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మునెయ్య మాత్రం నవ్వాడు. తర్వాత టేపు రెండో కొస తనే పట్టుకున్నాడు, ఉన్న ఒక్క చేత్తో. గోడ నుంచి ఏబెల్ నిలబడిన చోటుకు పదహారు మీటర్లు వచ్చింది. ఆ అంకెను ఏబెల్ చేతి మీద పెన్నుతో రాసుకున్నాడు.

మర్నాడు సెలవు పెట్టి చిత్తూరు బస్సెక్కాడు. అక్కడ బాలచంద్ర అని పోలీసు శాఖలో ముప్పై ఏళ్ళు తుపాకులు బాగుచేసి రిటైరైన పెద్దమనిషి ఉన్నాడు. ఇప్పుడు బస్టాండు వెనక చిన్న కొట్టులో కుట్టుమిషన్లు, తాళాలు బాగుచేస్తాడు. పాత తుపాకికి గ్యాసు కారితే వాషర్ల కోసం ఏబెల్ రెండుసార్లు ఆయన దగ్గరికి వెళ్ళి ఉన్నాడు.

బాలచంద్ర అంతా విని, అట్ట ముక్క మీద చాక్‌పీసుతో ఒక తిన్నటి గీత గీశాడు. దాని కిందినుంచి మొదలై పైకి లేచి మళ్ళీ వంగి పడే గీత ఇంకోటి గీశాడు.

“తిన్నగా ఉండేది నీ కన్ను పోయే దోవ. వంకరగా ఉండేది సూది పోయే దోవ. సూదికి బరువుండాది, ఎంత తోసినా వంగి పడాల్సిందే. అందుకని గొట్టం రవంత పైకెత్తి పెడతారు. ఈ రెండు దోవలూ కలిసే దూరాన్ని మేము జీరో అంటాం. ఆ దూరంలో నువ్వు యాడ చూస్తే ఆడే తగులుతాది. దానికి ముందు పైన పోతాది, దాటితే కింద పడతాది. నీదానికి ఎంతకు పెట్టినారు?”

ఏబెల్‌కు తెలియదు. అప్పుడే కేంద్రానికి ఫోన్ చేసి, తుపాకి పెట్టెలో ఉన్న కాగితం చదివించాడు. నలభై మీటర్లు అని ఉంది. కొత్త తుపాకి వచ్చిన రోజు నేర్పడానికి వచ్చినతను బయలు మైదానంలో బోర్డు పెట్టి సరిచేసి వెళ్ళాడు. అక్కడ నలభై మీటర్లలో పేలిస్తే చుక్క మీద పడింది, అందరూ చప్పట్లు కొట్టారు.

“సరిపోయింది,” అన్నాడు బాలచంద్ర. “నలభైకి పెట్టిందాన్ని పదహార్లో పేలిస్తే అడుగు పైన పోక ఏం చేస్తాది. నీ చెయ్యి బాగుండాదప్పా. ఆ గుంత పైపు పక్కనే ఉండాదని చెప్తివే, మా వాళ్ళల్లో అంత తిన్నగా కొట్టేవాళ్ళు పదిమంది లేరు.”

ఆ మాట విన్నాక ఏబెల్ అట్ట ముక్క చేతిలోకి తీసుకుని, ఆ రెండు గీతల మీదా వేలు పోనిచ్చాడు. బాలచంద్ర ఏదో తాళం విప్పుకుంటూ అతన్ని అలాగే వదిలేశాడు. తర్వాత ఏబెల్ అడిగాడు, మరి ఎంతకు పెట్టుకుంటే మంచిదని. ఇరవై అయిదుకు పెట్టుకోవచ్చు అన్నాడు బాలచంద్ర, కాని గట్టిగా చెప్పలేదు. నువ్వు మామూలుగా ఎంత దూరంలో పేలుస్తావో అది ముందు తెలుసుకోమన్నాడు. ఏబెల్‌కు అదీ తెలియదు. పదేళ్ళలో ఎప్పుడూ కొలవలేదు.

ఆ తర్వాతి రెండు వారాలు పని అయిపోగానే బండేసుకుని తిరిగాడు. కేంద్రంలోని రిజిస్టరులో తను సూది వేసిన చోట్లన్నీ రాసి ఉన్నాయి. వాటిలో పదకొండు చోట్లకు దోవ గుర్తుంది. ఒక చెరుకు తోట, రెండు బడి ఆవరణలు, కొండవాగు మీది చప్టా, కోళ్ళఫారం, మామిడితోటలు. తను నిలబడింది ఎక్కడో, జంతువున్నది ఎక్కడో గుర్తు తెచ్చుకుని టేపు పరిచాడు. ఒకచోట ఆనందమ్మ అనే ముసలామె, తన పెరట్లో ఎవరో స్థలం కొలుస్తున్నారని కర్ర పట్టుకుని వచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట ఇదే పెరట్లో చిరుతను పట్టింది తనేనని ఏబెల్ చెప్పాక మజ్జిగ ఇచ్చి, ఆ రోజు అది చింతచెట్టు కింద కాదు, దొడ్డి పక్కన ఉండిందని సరిదిద్దింది.

పదకొండు కొలతల్లో అన్నిటికన్నా పెద్దది ఇరవై ఏడు. తొమ్మిది మాత్రం పన్నెండుకూ ఇరవై రెండుకూ మధ్యనే ఉన్నాయి. నలభై ఒక్కటీ లేదు. ఉండదు కూడా. ఈ సీమలో గట్లూ కంపచెట్లూ చెరుకూ గోడలూ దాటి నలభై మీటర్ల దాకా చూపే ఆనదు.

కేంద్రంలో డాక్టరు శ్రీకరి. తిరుపతిలో గుడి కైంకర్యం చేసే వైష్ణవుల ఇంటి పిల్ల, ముప్పై మూడేళ్ళది, చేరి రెండేళ్ళయింది. ఎలుగు సంగతి జరిగినప్పుడు తుపాకి వేరేవాళ్ళకు ఇమ్మని ఏబెల్ అడిగితే, నెల రోజులు ఆగి చూద్దామంది ఆమే. ఇప్పుడు ఏబెల్ ఆ కొలతల కాగితం ఆమె ముందు పెట్టి, గోడ మీది గుంత దగ్గర్నుంచి అంతా చెప్పాడు. ఆమె కాగితం రెండుసార్లు చదివింది.

“ఎంతకు పెడదామంటారు ఏబెల్ అన్నా?”

“ఇరవైకి మేడం.”

“మరి ఏదైనా నలభైలో కనబడితే?”

“కొట్టం మేడం. దగ్గిరికి పోతాం, లేకుంటే అదే వచ్చేదాకా కాచుకోనుంటాం. నలభైలో కొట్టి తప్పేదానికన్నా కొట్టకుండా ఉండేదే మేలు.”

ఆమె వెంటనే సరేననలేదు. మరీ దగ్గరికి పోతే మనుషులకు ప్రమాదం కాదా అని అడిగింది. ఇప్పటిదాకా కూడా అంత దగ్గరికే పోతున్నామని, అది తెలియకుండా పోతున్నామని ఏబెల్ చెప్పాడు. అప్పుడు ఆమెకు ఇంకో సంగతి తట్టింది. నలభై మీటర్లకు సరిపోయేంత గ్యాసు జోరుతో దగ్గర్నుంచి కొడితే సూది కండలో ఆగక ఎముకను తాకుతుంది. ఇరవైకి పెట్టుకుంటే జోరు తగ్గించుకోవచ్చు, జంతువుకు దెబ్బ తక్కువ. “ఈ ఒక్క మాటకే ఒప్పుకోవచ్చు,” అని పై ఆఫీసుకు ఆ సాయంత్రమే ఉత్తరం రాసి సంతకం పెట్టింది. వారంలో సరేనని జవాబొచ్చింది.

మందు లేకుండా నీళ్ళు నింపిన సూదులతో ఏబెల్ సాధన మొదలుపెట్టాడు. మేతల షెడ్డు వెనక గోనెసంచుల్లో గడ్డి కుక్కి, సున్నంతో చుక్క పెట్టి వేలాడదీశాడు. మొదట ఇరవై అయిదుకు సరిచేసి చూస్తే, దగ్గరి దూరాల్లో సూది అరచేతికి మించి పైకి పోయింది. పదిహేనుకు సరిచేస్తే దూరంలో మరీ కిందికి జారింది. ఇరవైకి పెట్టాక కుదిరింది. పది నుంచి పదిహేను దాకా బెత్తెడు పైన, ఇరవైలో చుక్క మీద, ఇరవై అయిదులో అరచేయంత కింద. ముప్పైకి పోతే జానెడు దాటి కింద పడింది, కాబట్టి ముప్పైలో పేల్చకూడదని తేల్చుకున్నాడు. చిరుత తొడ కండ తక్కువలో తక్కువ జానెడు ఉంటుంది. అంటే పదికీ ఇరవై అయిదుకూ మధ్య అది ఎక్కడ నిలబడినా, తొడ నడిమికి గురిపెడితే సూది కండలోనే దిగుతుంది. దూరం లెక్క వేసుకోనక్కర్లేదు. ఆ సంగతి గోనెసంచి మీద కళ్ళారా చూశాక ఏబెల్ ప్రాణం కుదుటపడింది. ఆ రోజు ఇంటికి పోతూ గ్రేసీకి మల్లెపూలు తీసుకుపోయాడు. ఏమిటీ విశేషమని ఆమె అడిగితే, గురి కుదిరిందన్నాడు.

మే నెల రెండో వారంలో, పొద్దున ఏడుకు ఫోనొచ్చింది. పుత్తూరు అవతల కొండ కింద మామిడితోటలో చిరుత ఉచ్చులో పడింది. అడవిపందుల కోసం ఎవరో కంచెలో కట్టిన తీగ ఉచ్చు. వీళ్ళు చేరేసరికి ఎనిమిదిన్నర. తోతాపురి కాయలు కోతకొచ్చి ఉన్నాయి. కోతకొచ్చిన కూలీలు, పక్క ఊళ్ళవాళ్ళు గోడ మీదా ట్రాక్టరు మీదా నిండిపోయి ఉన్నారు. పోలీసులు వాళ్ళను వెనక్కి నెడుతున్నారు. చిరుత ముందుకాలు తీగలో బిగుసుకుంది. తీగ రెండో కొస కంచెకు స్తంభంగా పాతిన రాతికూసానికి కట్టి ఉంది. అది దూకినప్పుడల్లా కూసం ఊగుతోంది.

శ్రీకరి మందు నింపి సూది చేతికిచ్చింది. ఏబెల్ ఒక మామిడి మొదలు చాటున మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చిరుతకూ అతనికీ మధ్య పదమూడు మీటర్లు. అది అతని వైపే మొహం పెట్టి పడుకుని గుర్రుమంటోంది. తల, ముందుకాళ్ళు తప్ప ఏమీ కనబడటం లేదు. ఛాతీలో కొడితే ఊపిరితిత్తుల్లో దిగుతుంది, కొట్టకూడదు. తొడ కనబడేదాకా ఆగాలి. పావుగంట గడిచింది. గోడ మీద జనం విసుక్కోవడం మొదలైంది, ఎవరో ఇంకా ఎంతసేపని అరిచారు. ఏబెల్ కదల్లేదు. చెమట కళ్ళద్దాల లోపలికి కారింది. వాటిని తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

అంతలో చిరుత ఒక్క ఊపున లేచి వెనక్కి గుంజింది. కూసం పెళ్ళగిలి పడిపోయింది. తీగనూ రాతినీ ఈడ్చుకుంటూ కాలవ దాటి అవతలి గట్టెక్కింది. రాయి కాలవలో తట్టుకుని ఆగింది. చిరుత ఆగి, తీగను చూసుకోవడానికి పక్కకు తిరిగింది. ఇప్పుడు తొడ కనబడుతోంది. దూరం ఇరవై దాటిందో లేదో. జనం పరుగులు పెడుతున్నారు, ఎవరో కేకలేస్తున్నారు, శ్రీకరి వెనక నుంచి “అన్నా” అంది.

ఏబెల్ తుపాకి మీద ఏదీ మార్చలేదు. తొడ నడిమికి గురిపెట్టి మీట నొక్కాడు.

గ్యాసు బుస్సుమంది. సూది వెనకున్న ఎర్ర కుచ్చు తొడ మీద నిలబడింది. అనుకున్న చోటుకు రెండు వేళ్ళ కింద. చిరుత గిరుక్కున తిరిగి దాన్ని కొరకబోయింది, రెండడుగులు వేసింది, కూర్చుంది. శ్రీకరి గడియారం చూసుకుంటూ నిమిషాలు లెక్కపెట్టింది. తొమ్మిదో నిమిషంలో దాని తల గట్టు మీద వాలింది. ఇంకో అయిదు నిమిషాలాగి ఏబెల్ పొడుగు కర్రతో చెవి తాకి చూశాడు. కదల్లేదు.

ఆ తర్వాత అందరికీ చేతినిండా పని. శ్రీకరి దాని కళ్ళ మీద తడిగుడ్డ కప్పి ఊపిరి చూసింది. ఏబెల్ తీగ కత్తిరించాడు. ముందుకాలి తోలు చుట్టూ కోసుకుపోయింది గాని, ఆమె వేళ్ళతో ఒత్తి ఒత్తి చూసి ఎముక బాగుందని చెప్పింది. సూది దిగిన చోట చిన్న చుక్క నెత్తురు తప్ప ఏమీ లేదు. ఆ చుక్క మీద మందు రాస్తూ ఆమె తలెత్తింది.

“సూడన్నా, ఎంత మెత్తగా దిగిందో,” అంది. టౌనులో పెరిగిన పిల్ల నోట సీమ మాట వచ్చేది బాగా సంతోషంగా ఉన్నప్పుడే.

ఆడ చిరుత. మూడేళ్ళు ఉంటాయేమో. వల మీద పడుకోబెట్టి ఆరుగురు మోశారు. బోనులో తెలివి వచ్చి, మొదటగా నీళ్ళు తాగింది. మర్నాడు మాంసం తింది. ఎనిమిది రోజులకు కాలిపుండు మానింది.

తొమ్మిదో రోజు తెల్లవారుతుండగా దాన్ని కొండ మీదికి తీసుకుపోయారు. జీపు మీదెక్కి తాడుతో బోను తలుపు ఎత్తింది ఏబెలే. చిరుత అయిదు నిమిషాలు బయటికే రాలేదు. శ్రీకరి, డ్రైవరు, ఏబెల్, ముగ్గురూ తలుపు వంకే చూస్తూ కూర్చున్నారు. తర్వాత అది తల బయటపెట్టి అటూ ఇటూ చూసి, తొందరేమీ లేనట్టు దిగి, పొదల్లోకి నడిచిపోయింది. కుంటడం లేదు. నాలుగు కాళ్ళూ నేల మీద సమంగా పడుతున్నాయి.

దిగివచ్చేటప్పుడు దోవలో ఒక పాక హోటలు దగ్గర జీపు ఆపించింది శ్రీకరి. అప్పుడే పెనం మీద వేస్తున్న దోసెలు ముగ్గురికీ చెప్పింది. ఏబెల్ మూడు తిని నాలుగోది అడిగాడు. హోటలామె శనక్కాయల చట్నీ మళ్ళీ వేస్తూ, పొద్దున్నే ఏం పని మీద పోయొచ్చినారని అడిగింది.

“ఒకామెను ఇంట్లో దిగబెట్టి వస్తా ఉండాం,” అన్నాడు ఏబెల్.

డ్రైవరుకు టీ పొలమారింది. శ్రీకరి నవ్వుతూ కుర్చీలో వెనక్కి జారగిలబడింది. కొండ మీదికి ఎండ అప్పుడప్పుడే ఎక్కుతోంది.